పుస్తకాలు ఏ అంతస్తులో ఉండాలి? గోదావరి డెల్టాలో న్యాయ కళాశాల భవనం

ధవళేశ్వరం దాటిన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రం వరకు పరిచిన ఒండ్రు నేల మీద ఎవరు ఇల్లు కట్టబోయినా ఊళ్లో మొదట వచ్చే ప్రశ్న మెరక గురించే. స్థలంలోకి ఎంత మట్టి తోలించారు, రోడ్డు కంటే ఎంత ఎత్తు వచ్చింది, 1986 వరదలో అక్కడ నీళ్లు ఎంతవరకు నిలిచాయి అన్నవి తేలిన తరువాతే గదుల లెక్క, గుమ్మాల లెక్క మొదలవుతాయి. న్యాయ కళాశాల కట్టేటప్పుడు ఈ ప్రశ్నకు మరొకటి తోడవుతుంది. ఇంజనీరింగ్ కళాశాలకు బరువు యంత్రాలది, వాటిని నేలమట్టంలో బిగించక తప్పదు. రసాయనశాస్త్ర విభాగానికి నీటి గొట్టాలు, పొగ బయటికి పోయే దారి ముఖ్యం. న్యాయశాస్త్ర విభాగానికి మాత్రం బరువంతా పుస్తకాలదే. వాటిని కింద పెడితే వరద నీరు, చెమ్మ, చెదలు మూడూ ఎదురవుతాయి. పైన పెడితే ఆ బరువు మెత్తని నేల మీద స్తంభాల గుండా పడుతుంది. ఈ రెండింటి మధ్య తీసుకునే నిర్ణయాన్ని బట్టే మిగతా నమూనా అంతా నడుస్తుంది. ముఖద్వారం మీద గుమ్మటం ఉండాలా, నిలువెత్తు స్తంభాలు ఉండాలా అన్న చర్చకు సమావేశాల్లో ఎక్కువ సమయం పట్టవచ్చు గానీ, అది తరువాతి మాట.

న్యాయవిద్యలో పుస్తకాల గదికి ఇంత ప్రాధాన్యం మొదటి నుంచీ ఉన్నది కాదు. ఇంగ్లండులో శతాబ్దాల పాటు న్యాయవాద వృత్తిని నేర్పినవి లండన్‌లోని ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే వృత్తి సంఘాలు, వాటి కట్టడాల్లో ప్రధానమైన గది భోజనశాల. 1562లో మొదలై తరువాతి దశకంలో పూర్తయిన మిడిల్ టెంపుల్ హాలు ఇందుకు మంచి ఉదాహరణ. ఎత్తైన కలప కప్పు కింద పొడవాటి బల్లల దగ్గర విద్యార్థులు, వృత్తిలో పండిన పెద్దలు కలిసి కూర్చునే ఏర్పాటు అది. నిర్ణీత సంఖ్యలో అక్కడ భోజనాలు చేయడం బారిస్టరు పట్టాకు షరతుగా ఉండేది. మన వైపు శాస్త్రపాఠం గురువుగారి వీధి అరుగు మీద సాగినట్టు అక్కడ న్యాయపాఠం భోజనాల బల్ల దగ్గర సాగిందన్నమాట. చదువు మాటల్లో, వాదనల్లో, పెద్దల సావాసంలో ఉన్నంతకాలం భవనానికి మధ్యభాగం ఒక పెద్ద హాలు కావడం సహజమే.

ఆ క్రమాన్ని మార్చింది అమెరికాలోని హార్వర్డ్. 1870లో అక్కడి న్యాయ పాఠశాలకు డీన్‌గా వచ్చిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్డెల్, ఉపన్యాసం విని రాసుకునే పద్ధతికి బదులు తీర్పుల పాఠాన్ని ప్రవేశపెట్టాడు. విద్యార్థి ముందుగా తీర్పులు చదివి రావాలి, అధ్యాపకుడు ప్రశ్నలతో అతని చేతనే న్యాయసూత్రాన్ని రాబట్టించాలి. రసాయన శాస్త్రజ్ఞుడికి ప్రయోగశాల ఎలాంటిదో న్యాయశాస్త్ర విద్యార్థికి గ్రంథాలయం అలాంటిదని ఆయన వాదం. ఈ వాదం ఒప్పుకున్న చోట భవనం స్వరూపం కూడా మారక తప్పలేదు. హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ నమూనాతో 1881–84 మధ్య అక్కడే లేచిన ఆస్టిన్ హాల్‌లో కింది అంతస్తు ఉపన్యాస గదులకూ, పై అంతస్తు చదువు గదికీ కేటాయించారు. పుస్తకాలు పెరిగిపోయి 1907లో లాంగ్డెల్ పేరిట వేరే భవనం కట్టవలసి వచ్చింది, అదీ 1929 నాటికి గానీ పూర్తి ఆకారానికి రాలేదు. ఖాళీ అయిన ఆస్టిన్ హాల్ చదువు గది చివరికి విద్యార్థులు వాదన అభ్యసించే ఏమ్స్ కోర్టు గదిగా మారింది. పుస్తకాల కోసం బలంగా కట్టిన గది కాలక్రమంలో కోర్టు హాలుగా పనికివచ్చింది. కోర్టు హాలుగా కట్టిన గదిని తరువాత పుస్తకాలతో నింపడం మాత్రం అంత సులువు కాదు. ఎందుకన్నది బరువుల లెక్క దగ్గర తేలుతుంది.

తరువాతి కాలపు ప్రసిద్ధ భవనాలను తొందరగా దాటవచ్చు. యేల్‌లో జేమ్స్ గాంబుల్ రోజర్స్ రూపొందించి 1931లో పూర్తయిన స్టెర్లింగ్ భవనం లండన్ ఇన్స్ తరహాను మళ్లీ తెచ్చి, నడిమి ముంగిళ్ల చుట్టూ తరగతులనూ విద్యార్థుల వసతినీ అమర్చింది. షికాగోలో ఎరో సారినెన్ 1959లో గ్రంథాలయాన్నే మడతలు పడిన గాజు బురుజుగా నిలబెట్టి, దాని ముందు ఒక కొలను తవ్వించాడు. కోనసీమలో నీటిని అలంకారం కోసం తెచ్చుకోవలసిన అవసరం రాదు, అది పిలవకుండానే గుమ్మంలోకి వస్తుంది గనుక ఆ కొలను సంగతి అంతటితో వదిలివేయవచ్చు. కేంబ్రిడ్జిలో నార్మన్ ఫోస్టర్ సంస్థ రూపొందించగా 1995లో పూర్తయిన న్యాయశాస్త్ర భవనం నేర్పిన పాఠం మాత్రం వదిలివేయదగినది కాదు. అక్కడ కింది అంతస్తుల నుంచి పై కప్పు దాకా ఒకే ఖాళీ ఉంచి, గ్రంథాలయాన్ని పై అంతస్తుల్లో ఆ ఖాళీ వైపు తెరిచి పెట్టారు. చూడటానికి ఎంతో బాగున్న ఆ ఏర్పాటులో కింద నడిచేవారి మాటలు, అడుగుల చప్పుడు పైన చదువుకునేవారికి చేరి, కొన్నేళ్లకే గాజు తెరలు బిగించవలసి వచ్చింది. నడిమి ఖాళీ చుట్టూ గదులు అమర్చే పద్ధతి డెల్టాకు కొత్తది కాదు గనుక ఈ విషయానికి మళ్లీ రావలసి ఉంటుంది.

గోదావరి జిల్లాల వకీళ్లకు న్యాయ కళాశాల అంటే తరతరాలుగా కళ్ల ముందు మెదిలిన కట్టడం హార్వర్డ్‌దీ కాదు, కేంబ్రిడ్జిదీ కాదు, మద్రాసు లా కాలేజీది. ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం కావడంతో, న్యాయపట్టా కోరినవారిలో చాలామంది అక్కడికే ప్రయాణం కట్టేవారు. 1891లో ఏర్పడిన ఆ కళాశాలకు హెన్రీ ఇర్విన్ నమూనాతో హైకోర్టు ఆవరణలోనే భవనం కట్టగా 1899లో పూర్తయింది. అంతకు కొన్నేళ్ల ముందు 1892లో సిద్ధమైన హైకోర్టు మాదిరిగానే అదీ ఇండో-సారసెనిక్ శైలిలో గుమ్మటాలు, బురుజులు, కమాను వరండాలు కలిగినది. ఆ ఆవరణ ఒకప్పటి తెల్లవారి శ్మశానం. యేల్ విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆ ఎలిహు యేల్ కొడుకును అక్కడే సమాధి చేయడం ఒక చిత్రమైన యాదృచ్ఛికత. నిర్మాణపరంగా చూస్తే ఆ కళాశాల అసలు బలం దాని చోటులో ఉంది. విద్యార్థి పాఠం వదిలి నాలుగడుగులు వేస్తే నిజమైన వాదన వినవచ్చు. అందువల్ల విడిగా మూట్ కోర్టు గది, అంటే విద్యార్థులు వాదన అభ్యసించే నమూనా కోర్టు గది, ఎంత పెద్దదిగా ఉండాలన్న ప్రశ్న ఆనాడు పెద్దగా తలెత్తి ఉండదు. 2018లో తరగతులు నగరం వెలుపలి రెండు ఆవరణలకు తరలిపోయినప్పుడు పోయినది ఆ సామీప్యమే.

ఆ భవనం లేచే నాటికే న్యాపతి సుబ్బారావు రాజమండ్రిలో పేరున్న వకీలు. 1878లో మద్రాసులో ఇంగ్లీషు పత్రిక హిందూను ప్రారంభించిన ఆరుగురు యువకులలో ఆయన ఒకరు. రాజమండ్రిలోనే ప్లీడరుగా స్థిరపడి, పురపాలక సంఘానికి అధ్యక్షుడైన టంగుటూరి ప్రకాశం 1904లో ఇంగ్లండు వెళ్లి 1907లో బారిస్టరుగా తిరిగివచ్చారు. ఒకరు మద్రాసు దారి, మరొకరు లండన్ దారి పట్టినా ఇద్దరి వృత్తికీ పునాది పడింది గోదావరి ఒడ్డున ఉన్న కోర్టులలోనే. ఆ కోర్టుల భవనాలు మామూలుగా పెంకు కప్పు, మందమైన గోడలు, చుట్టూ వరండా ఉన్న కట్టడాలు. లోపలి హాలులో జరిగే విచారణ కంటే వరండాలో వకీలుకూ కక్షిదారుకూ మధ్య జరిగే సంభాషణకే ఎక్కువ సమయం పట్టేది, చెట్టు నీడన దస్తావేజు లేఖరి బల్ల వేసుకునేవాడు. న్యాయం జరిగే స్థలంలో సగం నడవలోనే ఉందన్న ఈ సంగతిని తరువాతి రోజుల్లో వరండాలను వృథా వైశాల్యంగా లెక్కకట్టిన నమూనాలు గుర్తించలేదు.

డెల్టాకు న్యాయశాస్త్రంతో ఉన్న బంధం కాలువలతో పాటు పెరిగింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత ఎకరం విలువ మారింది; విలువ మారిన చోట సరిహద్దుకూ, వారసత్వానికీ, బోదె నీటి వంతుకూ తగవు వస్తుంది. నది ఒక లంకను కోసి మరొక చోట మేట వేసినప్పుడు ఆ కొత్త నేల ఎవరిదన్నది ఇక్కడి రైతుకు పుస్తకాల్లోని ప్రశ్న కాదు. పిఠాపురం జమీందారీ మీద, బ్రిటిషు కాలంలో చివరి అప్పీళ్లు విన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన వ్యాజ్యాలలో 1899, 1918 సంవత్సరాల తీర్పులు, వారసుల మధ్య పంచడానికి వీలులేని అవిభాజ్య ఎస్టేటును అన్యాక్రాంతం చేసే హక్కు గురించీ, అందులో కుటుంబసభ్యుల పోషణ హక్కు గురించీ దేశమంతటా హిందూ న్యాయశాస్త్ర తరగతుల్లో పాఠాలయ్యాయి. మరణించిన వ్యక్తి అంతకు ముందు చెప్పిన మాట సాక్ష్యంగా ఎంతవరకు చెల్లుతుందన్న దానికి నేటికీ ఉదహరించే పాకాల నారాయణస్వామి కేసులో, 1937లో పూరీ చేరిన రైలులో ఒక ట్రంకుపెట్టెలో శవమై దొరికిన వ్యక్తి పిఠాపురం నుంచి బయలుదేరినవాడే. ప్రివీ కౌన్సిల్ తీర్పు 1939లో వచ్చింది. ఇలాంటి ప్రాంతంలోని న్యాయ గ్రంథాలయానికి కొని తెచ్చే తీర్పుల సంపుటాలతో పాటు ఎస్టేటు లెక్కలు, సెటిల్మెంటు దస్త్రాలు, పాత తెలుగు దస్తావేజులు కూడా చేరవలసి ఉంటుంది. వాటిలో చాలావాటికి రెండో ప్రతి ఉండదు. కంప్యూటరు తెర మీద దొరికే తీర్పు తడిసిపోదు గానీ, ఈ కాగితం తడిస్తే పోయినట్టే.

ఇక నేల సంగతి. డెల్టాలో పై పొర ఎక్కువ చోట్ల నల్లని బంకమన్ను. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయి బీటలు వారే స్వభావం దానిది. దాని కింద ఇసుక పొర ఎంత లోతున తగులుతుందన్నది ఊరికీ ఊరికీ, ఒక్కొక్కసారి ఒకే ఆవరణలో ఈ మూలకూ ఆ మూలకూ మారిపోతుంది. పాత నదీపాయ పూడిన చోట ఒకవైపు ఇసుక, మరొకవైపు బంక ఉండి, భవనం ఒక పక్కకే దిగబడటం కొత్త విషయం కాదు. భూగర్భజలం కాలువలు పారినంతకాలం నేలకు దగ్గరగా ఉంటుంది, సముద్రం వైపు పోయేకొద్దీ అందులో ఉప్పు పెరిగి కాంక్రీటులోని ఇనుమును తింటుంది. ఉబ్బే నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన, అడుగున గుబ్బలా వెడల్పయ్యే పైల్ పునాదులు, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, మెట్ట నల్లరేగడిలో చక్కగా పనిచేస్తాయి. అవే పైల్స్‌ను నీటిమట్టం కింద వదులు ఇసుక ఉన్న చోట వేయబోతే తవ్విన గుబ్బ నిలవక కూలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఎక్కడో విజయవంతమైన పునాది నమూనాను చదరపు అడుగుల లెక్కన తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదు. బోరు వేసి మట్టి పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు దగ్గర పొదుపు చూపడం, గోడ నెర్రెలు విచ్చాక చేసే ఖర్చుతో పోలిస్తే పొదుపే కాదు.

ఇలాంటి నేల మీద పుస్తకాల బరువును అంకెల్లో చూస్తే సమస్య స్పష్టపడుతుంది. భవనాల మీద పడే భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ప్రకారం తరగతి గదికి చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు లెక్కలోకి తీసుకుంటారు. పుస్తకాల అలమరాల గదికి 2.2 మీటర్ల ఎత్తు వరకే 6 కిలోన్యూటన్లు తీసుకోవాలి, అలమరా ఆ ఎత్తు దాటితే మీటరుకు మరో 2 చొప్పున కలపాలి. 200 చదరపు మీటర్ల గదిని తీర్పుల సంపుటాలతో నింపడానికి సిద్ధం చేయాలంటే నేల పలకలు, దూలాలు, స్తంభాలు, పునాది అన్నీ కలిసి కనీసం 120 టన్నులను మోయగలిగి ఉండాలి. అదే వైశాల్యంలో తరగతి గదులుంటే 60 టన్నులు చాలు. తరగతి గదిగా కట్టినదాన్ని తరువాత గ్రంథాలయంగా మార్చుకుందామనే ఆలోచన ఇందువల్లనే ప్రమాదకరం. ఇంకొక చిక్కు ఏమంటే తరగతిలో మనుషులు వస్తారు, పోతారు. పుస్తకాలు ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటాయి. బంకమన్ను క్షణకాలపు బరువుకు కాక ఎడతెగని బరువుకే మెల్లమెల్లగా లోపలికి దిగుతుంది. భవనంలో ఒక రెక్క మీదే గ్రంథాలయం ఉండి, మిగతా రెక్కలు తేలికగా ఉంటే, బరువు వైపు ఎక్కువ దిగి, రెండూ కలిసే చోట గోడ చీలుతుంది.

అలాగని పుస్తకాలను కిందికి దించేయవచ్చా అంటే, 1986 ఆగస్టు గుర్తుకు వస్తుంది. ఆ వరదలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఏటిగట్లు తెగి ఊళ్లు మునిగాయి. సముద్రం వైపు నుంచి వచ్చే ముప్పు మరో రకం. 1839లో కోరంగి రేవును ముంచిన తుఫాను, 1996 నవంబరులో కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుఫాను రెండూ ఈ తీరానివే. ఈ తీరప్రాంతానికి ప్రమాణాలు నిర్దేశించిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. వరద కింది అంతస్తును పడితే తుఫాను పైకప్పునూ కిటికీలనూ పడుతుంది. కిటికీ రెక్క ఊడి వాన లోపలికి కొడితే మూడో అంతస్తులోని పుస్తకం కూడా తడుస్తుంది గనుక, ఎత్తులో పెట్టినంత మాత్రాన రక్షణ దొరికినట్టు కాదు. ఈ కారణాలన్నీ కలిపి చూసినప్పుడు, గ్రంథాలయానికి తగిన చోటు మొదటి అంతస్తులో, భవనం నడిమి భాగంలో, పైన మరొక అంతస్తు కప్పుగా ఉండే స్థలమని తేలుతుంది. బరువు మధ్యలో ఉంటే దిగుబాటు అన్ని వైపులా సమంగా ఉంటుంది. వాన జల్లుకు ఎదురుగా ఉండే గోడలు అలమరాలకు దూరంగా జరుగుతాయి. చుట్టూ వచ్చే వరండాలో చదువుకునే బల్లలు వేసుకోవచ్చు.

నీటి తరువాతి శత్రువు చెమ్మ. గాలిలో తేమ 65 శాతానికి మించి ఎక్కువకాలం నిలిస్తే కాగితం మీద బూజు పట్టడం మొదలవుతుంది. డెల్టాలో వానాకాలమంతా అంతకంటే ఎక్కువ తేమే ఉంటుంది. దీనికి చాలాచోట్ల తోచే పరిష్కారం ఏసీ. పగలు పది నుంచి ఐదు వరకు నడిపి రాత్రి ఆపేసే ఏసీ మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు, ఎందుకంటే చల్లబడిన గోడల మీదా అట్టల మీదా రాత్రి చేరిన తడిగాలి చెమర్చుతుంది. నిరంతరం నడపగల స్తోమత లేని చోట పాత దస్తావేజుల కోసం ఒక చిన్న గదిని మాత్రం పూర్తిగా మూసి తేమ తగ్గించే యంత్రంతో కాపాడుకుని, మిగతా పుస్తకాలను గాలి ఆడేటట్టు ఉంచడం తెలివైన పని. అలమరాలను బయటి గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా నిలపడం, కింది అరను నేలకు తగలకుండా ఎత్తడం, పునాది దశలోనే చెదల మందు కొట్టించడం, ఇవన్నీ చిన్న ఖర్చులు. 1898లో వసురాయ కవి ప్రారంభించిన గ్రంథాలయం నుంచి ఎదిగిన రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల, నూరేళ్లు పైబడిన కాగితాన్నీ తాళపత్రాలనూ కాపాడుకోవడం ఎంత ఓర్పుతో కూడిన పనో అక్కడ పనిచేసేవారికి తెలుసు.

తరగతి గదులకు వస్తే మండువా లోగిలి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. నాలుగు వైపుల నుంచి వాలిన పెంకు కప్పు, నడిమి చతురస్రంలో పడిన వాన తూము గుండా బయటికి పోయే ఏర్పాటు, దక్షిణం నుంచి వీచే పైరగాలిని లోపలికి లాగి నడిమి ఖాళీ గుండా పైకి వదిలే కొలత, ఇవన్నీ వేసవి సాయంత్రాలను భరించదగినవిగా చేశాయి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయ కళాశాలలో ఒక సెక్షనుకు 60 మంది. అరవై మంది కూర్చుని ప్రశ్న–జవాబు పద్ధతిలో చదవాలంటే ఒకరి మాట మరొకరికి వినబడాలి, ముఖం కనబడాలి. పొడవాటి రైలుపెట్టె లాంటి గది కంటే అర్ధచంద్రాకారంలో మెట్లుగా అమర్చిన వెడల్పు గది ఇందుకు మేలు. అయితే ఇక్కడే కేంబ్రిడ్జి పాఠం పనికివస్తుంది. మండువా గాలిని మోసినట్టే మాటనూ మోస్తుంది. ఇంట్లో వంటింటి నుంచి పిలిస్తే వీధి అరుగు మీద వినబడటం సౌకర్యమే గానీ, పక్క గదిలో జరిగే ఒప్పందాల చట్టం పాఠం ఈ గదిలోని సాక్ష్య చట్టం పాఠంలో కలవడం సౌకర్యం కాదు. తరగతుల కిటికీలు నడిమి ముంగిలి వైపు పైభాగంలో మాత్రమే తెరుచుకుని, వెడల్పు కిటికీలు బయటి వరండా వైపు ఉండేటట్టు చేస్తే గాలి దక్కుతుంది, మాట ఆగుతుంది. గ్రంథాలయాన్ని ఆ ముంగిలి వైపు తెరవనే కూడదు. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి: వానాకాలంలో రేకు కప్పు కింద పాఠం చెప్పడం అసాధ్యం. ఖర్చు తగ్గుతుందని పై అంతస్తు మీద రేకుల షెడ్డు వేసి తరగతులు నడిపే చోట జూలై నుంచి అక్టోబరు దాకా అధ్యాపకుడి గొంతు వానతో పోటీపడుతూనే ఉంటుంది.

కింది అంతస్తులో మరి ఏముండాలి? నీళ్లు వచ్చిపోయినా కడిగి ఆరబెట్టుకుని వారం రోజుల్లో మళ్లీ వాడుకోగలిగినవి ఉండాలి. మూట్ కోర్టు హాలు అలాంటిదే. బల్లలు, కుర్చీలు, ఎత్తైన వేదిక తప్ప అందులో తడిస్తే పోయేది పెద్దగా ఉండదు, తీర్పుచెప్పే పీఠాన్ని రాతితోనో ఇటుకతోనో కట్టుకోవచ్చు. ఉచిత న్యాయసహాయ కేంద్రం కూడా కిందే ఉండాలి, కారణం మాత్రం వేరు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం స్ఫూర్తితో కళాశాలల్లో నడిచే ఆ కేంద్రాలకు వచ్చేవారు పింఛను కాగితం చేతబట్టుకున్న వృద్ధులు, కౌలు తగవుతో వచ్చిన రైతులు, చంటిబిడ్డతో వచ్చిన తల్లులు. వారిని మేడ మెట్లు ఎక్కించే భవనం న్యాయం అందరికీ అందుబాటులో ఉండాలని ఎంత పెద్ద అక్షరాలతో గోడ మీద రాసుకున్నా ప్రయోజనం లేదు. అయితే మెరక చేసి, పునాదిని నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తు లేపిన భవనానికి 1:12 వాలుతో ర్యాంపు కట్టాలంటే దాని పొడవు 14.4 మీటర్లు అవుతుంది, మధ్యలో ఆగే చదునులు దానికి అదనం. ఆ పొడవును చివర్లో ఎక్కడో ఇరికించేకంటే మొదటి గీతలోనే ముఖద్వారంలో భాగం చేసి, దాని పక్కన కూర్చునే అరుగు కట్టిస్తే, పాత కోర్టు వరండాలో జరిగిన పని అక్కడ జరుగుతుంది. జనరేటరు, విద్యుత్ బోర్డు, సర్వర్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కింద ఉండకూడదు. పుస్తకాలను పైన దాచి, వాటి డిజిటల్ నకళ్లున్న యంత్రాన్ని కింద వదిలేస్తే చేసిన ఆలోచనంతా నీళ్లపాలే.

సుప్రీంకోర్టు తన తీర్పులను 2023 నుంచి ఇ-ఎస్‌సీఆర్ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా ఉచితంగా అందిస్తున్న ఈ రోజుల్లో 120 టన్నుల గది అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర వంటి చందా సేవలు రాకముందు కొన్న సంపుటాలు చాలా కళాశాలల్లో తెరవకుండానే ఉంటున్నాయి. కానీ జవాబు గదిని చిన్నది చేయమని కాదు, బలం తగ్గించవద్దని. హార్వర్డ్‌లో చదువు గది కోర్టు గదిగా మారినట్టు, రేపు పుస్తకాలు తగ్గిన చోట తరగతులు, బృంద చర్చా గదులు పెట్టుకోవచ్చు. మొదటే తేలిక గదిగా కట్టుకుంటే, ఏదో ఒక రోజు మూతపడిన ఎస్టేటు కచేరీ దస్త్రాలను ఎవరైనా కళాశాలకు ఇస్తామన్నప్పుడు వాటిని పెట్టుకునే చోటే దొరకదు.

మెరక, వరద గొడవ లేకుండా ఎత్తైన మెట్టకు పోవచ్చు కదా అన్న ఆలోచనకూ ఆధారం ఉంది. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఆవరణ రాజమండ్రి దగ్గర రాజానగరం మెట్ట మీద, జాతీయ రహదారి పక్కన ఉంది. గోదావరి వరద అంటని గట్టి నేల అది. పునాదుల దృష్టితో చూస్తే దానికి వంక పెట్టలేము. న్యాయవిద్య దృష్టితో చూస్తే మాత్రం కోర్టుకు ఎంత దూరమన్న పాత ప్రశ్న మళ్లీ వస్తుంది. అమలాపురం, భీమవరం, ఏలూరు వంటి చోట్ల కోర్టుకూ కళాశాలకూ మధ్య దూరం తక్కువగా ఉన్నప్పుడు విద్యార్థి ఉదయం తరగతికి వచ్చి మధ్యాహ్నం విచారణ వినవచ్చు, సీనియరు వకీలు సాయంత్రం వచ్చి ఒక పాఠం చెప్పి వెళ్లవచ్చు. పల్లపు నేలలో కట్టడానికి అయ్యే అదనపు ఖర్చును ఈ సామీప్యంతో తూచి చూడవలసిందే తప్ప, నేల ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు.

పల్లంలోనే కట్టాలని తేలినప్పుడు పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ఇక్కడ నమూనాలో భాగమే. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత భూగర్భజలం కిందికి దిగుతుంది. గోతుల్లోంచి నీళ్లు తోడే ఖర్చు తగ్గి పునాది పని తేలికగా సాగేది ఆ కొద్ది వారాలే. ఆ అదను తప్పితే మరో ఏడాది ఆగడం మేలు. తోలించిన మెరక మట్టి కూడా ఒక వానాకాలం తడిసి, ఒక వేసవి ఎండి, సర్దుకున్న తరువాతే దాని మీద గచ్చు వేయాలి. గోడలకు పూసిన పూత పైకి ఆరినట్టు కనిపించినా లోపలి తడి పోవడానికి నెలలు పడుతుంది కాబట్టి, ప్రారంభోత్సవం కోసం తొందరపడి కొత్త భవనంలోకి తెచ్చిన పుస్తకాలకు మొదటి వానాకాలంలోనే బూజు పడుతుంది. తరగతులు ముందు మొదలుపెట్టుకుని, అలమరాలను రెండో వేసవి చివర, గోడ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లదనం తగలని రోజున నింపుకోవాలి. అప్పుడైనా నడిమి వరుసలు ముందు, అంచు వరుసలు తరువాత.